మందంగా వెలిగేది ఎరుపు

బాపును ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. ఏ ఇంటికి అన్నదే ఇంకా తేలలేదు.

మా ఊరు మరిపెడ అవతల ఉంది. అమ్మ పోయాక అక్కడి ఇంటికి తాళమే. బాపు ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయనీ, మళ్లీ ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఈ వరంగల్ దవాఖానకే తేవాలనీ డాక్టరు అన్నాడు. వరంగల్‌లో మాకున్నది ఒక్కటే దిక్కు, శివనగర్‌లో మా మేనత్త చిలుకమ్మ ఇల్లు. ఇంటర్ చదువు కోసం నేను ఉంటున్నదీ అక్కడే. కాని నేను రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి బాపు ఆ గడప తొక్కలేదు.

బాపు, అత్త భర్త రాజమల్లు మామ ఇద్దరూ ఒకే రోజు రైల్వేలో చేరారు. మామ షంటింగ్ జమాదారు, బాపు పాయింట్స్‌మన్. డబ్బాల చివర నిలబడి బాపు బత్తి చూపాలి, అది చూసి మామ డ్రైవరుకు చెయ్యి ఊపాలి. ఒక సాయంత్రం పత్తి మిల్లులోకి పోయే పక్క పట్టాల మీద, సైడింగులో, సరుకు డబ్బాలను వెనక్కి నెడుతుండగా, ఒక డబ్బా తలుపు మూస్తున్న హమాలీ యాకయ్య మధ్యలో నలిగి చనిపోయాడు. ఆగమని ఎర్ర బత్తి చూపించానని బాపు చెప్పాడు. పచ్చ బత్తి చూశాకే డ్రైవరుకు చెయ్యి ఊపానని మామ చెప్పాడు. విచారణకు వచ్చినవాళ్లు మామ మాట నమ్మారు. బాపు నౌకరి పోయింది. ఆ రోజు నుంచి ఊర్లో ఆయన పేరు మొగిలి కాదు, మనిషిని చంపినోడు.

ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం ఆడారు అనుకుంటూ నేను పెరిగాను. ఎవరి మొహం చూసినా వాళ్లు మాత్రం కాదనిపించేది.

"నా తమ్ముణ్ని తీస్కరా. నీ కాళ్లు మొక్కుత," అని మొన్న అత్త మామను బతిమాలింది.

"నా ఇంటికి నేను వద్దంటలేను. పచ్చ బత్తే సూపిచ్చిన బావా అని ఒక్క మాట అనమను. నేనే పోయి బుజం మీద ఏస్కొని తీస్కొస్త," అన్నాడు మామ.

ఆ మాట నేను బాపుకు చేరవేస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఆ ముచ్చట నా ముంగట ఎత్తకు బిడ్డా," అన్నాడు.

ఇక నోటితో చెప్పి లాభం లేదనిపించింది. నోటితో చెప్పడం నాకు చేతకాదు కూడా. నలుగురిలో నా గొంతు నాకే వినపడదు. అది కొంచెం బయటికి వచ్చేది ఒక్కచోటే, అత్త ఇంటి నడిమి గదిలో, మామ రైలు దగ్గర.

రిటైరయ్యాక మామ ఆ గదినిండా బల్లలు వేసి రైలు కట్టుకున్నాడు. గొడుగు కమ్మీలు పట్టాలు. గాసునూనె డబ్బాల రేకు కత్తిరించి సరుకు డబ్బాలు చేశాడు. చెడిపోయిన టేప్‌రికార్డరులోని మోటారు ఇంజనుకు గుండెకాయ. బల్ల ఈ చివర డోర్నకల్, ఆ చివర మరిపెడ. నిజానికి మరిపెడకు రైలే లేదు. అత్త పుట్టినూరు అటువైపేనని మామ సొంతంగా లైను వేసి, దాని పక్కన ఇష్టమొచ్చిన మిల్లులు పెట్టుకున్నాడు. జిన్నింగు మిల్లు, బియ్యం మిల్లు, మిరపకాయల గోదాము, బొగ్గు కుప్ప. ప్యాసింజరు బండి మాత్రం పెట్టలేదు. "కూసున్నోళ్లను తీస్కపోవుడు ఏం పని? సరుకు కదిలిస్తెనే రైలు," అనేవాడు.

ఆడుకోవడం అంటే మామకు కోపం. అది పని. ఖాళీ డబ్బాలు ఏ మిల్లుకు ఎన్ని కావాలో అడగాలి, వెనక నుంచి నెట్టుకుంటూ చేర్చాలి, నింపాలి, నిండినవి లాక్కొచ్చి యార్డులో వరుస కట్టాలి. జిన్నింగు మిల్లు డబ్బాలో నిజంగానే దూది పెట్టేవాళ్లం. బియ్యం మిల్లుకు నూకలు. "కోడికెయ్యాల్సిన నూకలన్ని రైలుకే మేపుతాండు. గుడ్లు గూడ గదే పెడ్తదేమో," అని అత్త వంటింట్లోంచి అనేది.

మిల్లులోకి డబ్బాలు నెట్టే ముందు ప్రతిసారీ మామ అడిగేవాడు. "మనిషి లేడా?"

"లేడు మామా."

అప్పుడే మీట నొక్కేవాడు. ఆ బల్ల మీద మనుషుల బొమ్మలే లేవు. అయినా అడిగేవాడు. నేను చెప్పేదాకా ఆగేవాడు.

జిన్నింగు మిల్లు ముందు ఒక సిగ్నల్ స్తంభం ఉంది. దానికి టార్చి బల్బు, బల్బు ముందు రెండు కిటికీల రేకు చట్రం. ఒక కిటికీకి ఎర్ర కాయితం, ఒకదానికి పచ్చ కాయితం. దారం లాగి పట్టుకుంటే ఎరుపు, వదిలితే పచ్చ. మామ చేసినప్పుడు ఎర్ర కాయితాన్ని నాలుగు మడతలు వేసి అంటించాడు. పిప్పరమెంటు కాయితాలేమో, చీమలు పట్టి చిరిగిపోయాయి. శనివారం నేను కొత్తవి వేశాను. ఎర్ర కాయితం పెద్దది దొరికింది, ఒక్క పొరే అంటించాను. పచ్చవి చిన్న ముక్కలు కావడంతో ఒకదాని మీద ఒకటి మూడు పొరలు పడ్డాయి. వెలిగించి చూస్తే ఎరుపు తళతళలాడింది. ఎంత బాగుందో అనుకున్నాను.

తర్వాత బంకమట్టితో వేలెడంత హమాలీని చేశాను. నెత్తికి గుడ్డపీలిక చుట్టాను. ఆదివారం పొద్దున మామ రాకముందే జిన్నింగు మిల్లు దగ్గర, డబ్బా తలుపు పక్కన నిలబెట్టాను. నేను అనుకున్నది ఒక్కటే. ఎర్ర బత్తి చూసి మామ రైలు ఆపుతాడు. లేచి వచ్చి చూస్తే మనిషి బతికి ఉంటాడు. ఆ మనిషిని చూశాక మనసు కొంచెం మెత్తబడుతుంది. అప్పుడు బాపు గురించి నేను నోరు తెరవగలుగుతాను.

బత్తి కనపడాలని కిటికీ తలుపులు మూశాం. మామ డోర్నకల్ చివర మీట దగ్గర కూర్చున్నాడు. నేను మరిపెడ చివర దారం లాగి పట్టుకున్నాను.

"ఏమే పద్మా, మిల్లు తయారా?"

"తయారు మామా."

"మనిషి లేడా?"

"బత్తి సూసి నడుపు మామా," అన్నాను.

"ఓహో! ఇయ్యాల స్టేషన్ మాస్టరమ్మ హుకుం గట్టిగనే ఉంది," అని నవ్వాడు. మెడ చాచి సిగ్నల్ వైపు చూశాడు. చూసి, మీట నొక్కాడు.

డబ్బాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వచ్చాయి. ఆగుతాయి, ఇప్పుడు ఆగుతాయి అనుకుంటూ దారం ఇంకా గట్టిగా లాగి పట్టుకున్నాను. చివరి డబ్బా వచ్చి హమాలీకి తగిలింది. మట్టి తల ఊడి పట్టాల మధ్య పడింది.

చప్పుడు విని మామ మీట వదిలేసి లేచి వచ్చాడు. విరిగిన బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. "గిదేంది?"

"హమాలీ మామా."

ఆయన మొహం మాడిపోయింది. "మనిషిని పెట్టినంక బత్తి ఎర్రగ పెట్టొద్దా? గింత బుద్ధి లేదా?"

"ఎర్రగనే పెట్టిన."

"పచ్చది పెట్టినవ్. నా కండ్లతోని సూసిన్నే!"

"ఇంక దారం నా చేతులనే ఉంది. సూడు మామా. ఎర్రగనే ఉంది."

బల్బు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ ఎరుపు ఆయన తెల్లమీసాల మీద కూడా పడుతోంది. దానివైపే చూస్తూ అన్నాడు. "గది పచ్చదే."

నేను దారం ఇంకా లాగి చూపించాను. అది చూసి ఆయనకు కోపం ఇంకా పెరిగింది. "మొగిలి బిడ్డెవు అనిపిచ్చుకున్నవ్! వాడు గూడ గిట్లనే, బత్తి చేతుల పట్కొని నిలవడి, నా మొకం మీదనే అబద్ధమాడిండు!"

నన్ను ఆయన ఒక్కనాడూ గట్టిగా అనలేదు. అయినా దారం వదలలేదు.

అత్త జొన్నపిండి చేతులతోనే వచ్చింది. "ఏందయ్యా, పొల్ల మీద అట్ల లేస్తానవ్?"

"గా బత్తి ఏ రంగుదో జెప్పు. నువ్వన్న నిజం జెప్పు."

"ఎర్రగ మండుతాంది గదా, కనవడ్తలేదా?"

మామ అత్తను చూశాడు, నన్ను చూశాడు, ఇద్దరం కలిసి పరాచికం ఆడుతున్నామేమో అన్నట్టు నవ్వబోయాడు.

"ఎర్రదైతే మందంగ ఉండాలె గదా," అన్నాడు. "గిది తేటగ మెరుస్తాంది."

"మందమేంది మామా?"

"గదే బిడ్డా. ఎర్రది మసకమసకగ మండుతది. పచ్చది తేటగ, తెల్లతెల్లగ మండుతది. అందరు గట్లనే గదా పోల్చేది?"

నేను దారం వదిలాను. మూడు పొరల పచ్చ కాయితం బల్బు ముందుకు వచ్చింది.

"మరి గిది?" అని అడిగాను.

"గిప్పుడు ఎర్రదాయె," అన్నాడు మామ.

అత్త పిండి చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. నెమ్మదిగా అడిగింది. "నా పెండ్లి చీర ఏం రంగుదయ్యా?"

"ఎర్రది."

"నీకెట్ల తెలుసు?"

"పెండ్లి చీర ఎర్రగుండక ఇంకెట్లుంటదే?"

"అది పచ్చది," అంది అత్త. "అంచు ఒక్కటే ఎర్రది. ఇన్నేండ్ల సంది మన గూట్లెనే ఉంది."

మామ బల్ల అంచు పట్టుకుని కింద కూలబడ్డాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "గా పొద్దు మొగిలి చేతిల కొత్త బత్తి. స్టోరు నుంచి అప్పుడే వచ్చింది. అద్దాలు మెరుస్తుండె. నాకు తేటగ కనవడ్డది. నేను డ్రైవరుకు చెయ్యి ఊపిన."

"ఊకో అయ్యా," అంది అత్త.

"వాడు నిజమే చెప్పిండే చిలుకా. నేనే… యాకయ్యను…"

అత్త ఆయన నోరు మూసింది. ఆమె చేతి పిండి ఆయన మీసాలకు అంటింది. ఆయన తుడుచుకోలేదు.

కొంతసేపటికి లేచి, కొక్కేనికి ఉన్న అంగీ తొడుక్కున్నాడు. గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. "పద్మా, నువ్వు దవాఖానకు పో. బావకు ఎర్క అయింది, ఇంటికి రమ్మంటాండు అని మీ బాపుకు చెప్పు. నేను యాకమ్మ కాడికి పోయొస్త. ముందుగాల ఆమెకు చెప్పాలె."

యాకమ్మ, చనిపోయిన యాకయ్య భార్య. అండర్‌బ్రిడ్జి అవతల సైడింగు పక్కన ఉంటుంది. ఏ పండుగకైనా మామ ఆమెకు బియ్యం పంపేవాడు. ఆమె ఆ బియ్యం తీసుకుని బాపును శాపనార్థాలు పెట్టేది.

అత్త బాపు కోసం సద్దిగిన్నె నా చేతికిచ్చి ఆ బల్ల పక్కనే చతికిలబడింది. నేను వీధిలోకి వచ్చేసరికి మామ సందు మలుపు తిరిగాడు. దుఃఖం ఉన్నా, నాకు లోపల ఎక్కడో తేలిగ్గా ఉంది. అబద్ధం ఎవరూ ఆడలేదు. బాపు ఇంటికి వస్తాడు. దారిపొడుగునా ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలా అని నేర్చుకుంటూ నడిచాను.

బాపు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను మొదలుపెట్టిన వాక్యం సగంలో తప్పిపోయింది. ఎట్లాగో చెప్పాను. బొమ్మ సంగతి, కాయితాల సంగతి, మందంగా వెలిగేది ఎరుపు అని మామ అన్న సంగతి. చెప్పి ఆయన మొహం చూశాను. సంతోషం కనపడుతుందనుకున్నాను.

బాపు కళ్లు మూసుకున్నాడు. "నాకు ఎరికే బిడ్డా," అన్నాడు.

"ఏం ఎరికె బాపూ?"

"నౌకర్ల చేరేటప్పుడు డాక్టరు ఒక బుక్కు సూపిచ్చిండు. అన్ని రంగుల చుక్కలు. చుక్కల నడుమ అంకెలుంటయ్. మీ మామ సదువుకోలే, అంకెలు రావు. అందుకనే సదువుతలేడనుకున్న. నేను ముంగట నిలవడి ఏ పుటకు ఏ అంకెనో మెల్లగ చెప్పిన. వరుస బట్టి అప్పజెప్పిండు. మా అక్క మొగనికి నౌకరి రావాలె గదా."

దగ్గు వచ్చింది. నీళ్లు పట్టాను. ఒక గుక్క తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

"కొన్నేండ్లకు మన చేన్ల మిరపకాయ ఏరే దినాలకు వచ్చిండు. పండుకాయ ఒక్కటే తెంపాలె. ఆయన పచ్చివి, పండువి అన్ని తెంపి గంప నింపిండు. ఆడోళ్లందరు రైలు అల్లుడని ఒక్కటే నవ్వుడు. నాకు నవ్వు రాలే. గప్పుడు సమజైంది, డాక్టరు బుక్కు దేనికో."

"మరి చెప్పకపోతివా బాపూ?"

"ఎవలికి చెప్పాలె? చెప్తే ఆయన నౌకరి పాయె, దొంగ పరీక్ష ఇప్పిచ్చిన నా నౌకరి పాయె. మా అక్క ఏం దినాలె? బత్తి మందముంటే ఎర్రదని పోలుస్తాండని నేను కనిపెట్టిన. అందరు అద్దాలు తుడిస్తే, నేను నా బత్తి ఎర్ర అద్దానికి ఇంత మసి ఉంచేటోణ్ని. అట్లనే నడిచింది. ఆ దినం నా బత్తి పలిగింది. కొత్తది ఇచ్చిండ్రు. అద్దానికి మసి పట్టిచ్చే యాళ్ల లేకపాయె."

దుప్పటి అంచును వేళ్లకు చుట్టుకుంటూ ఆగాడు.

"మీ మామ సూసింది చెప్పిండు. నేను సూపిచ్చింది చెప్పిన. నడుమ నేను దాసిన ముచ్చట యాకయ్యను మింగింది. గా ఇంట్లకు వస్తే నా నోరు ఆగదని రాలేదు బిడ్డా. కోపానికి కాదు."

నా పక్కనుంచి ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ పోయారు. ఊర్లో పిల్లలు నన్ను చంపినోని బిడ్డ అన్నప్పుడల్లా ఏడుస్తూ ఇంటికి వచ్చేదాన్ని. బాపు ఒక్కసారీ వాళ్లను ఏమీ అనేవాడు కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తెలిసి కూడా ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, ఆయన కాళ్లు పట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను.

"బావ ఇంట్ల ఉన్నడా?" అని అడిగాడు బాపు.

"లేడు. యాకమ్మత్తకు చెప్పొస్తనని పోయిండు."

ఆయన ఒక్క ఉదుటున దుప్పటి తోసేశాడు. మంచం దిగబోయి ఊపిరందక కమ్మీ పట్టుకున్నాడు. "ఒంటిగనా? ఒంటిగ ఎట్ల పోనిచ్చిండ్రే!"

"బాపూ…"

"నీకు తెల్వది. తప్పు నాదని ఆయన అనుకున్నప్పుడే, యాకయ్యను సూసినంక ఎన్నో దినాలు అన్నం ముట్టలే ఆయన. తనదని తెలిస్తే బతుకడు. అందుకనే గదా నేను గిన్నేండ్లు నోరు కట్టుకున్న! పో. తప్పు మొగిలిదే అని చెప్పు. మసి సంగతి చెప్పు, బుక్కు సంగతి చెప్పు, అంత చెప్పు. ఉరుకు బిడ్డా!"

సద్దిగిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. మార్కెట్ రోడ్డు మీద బండ్ల మధ్య నుంచి, అండర్‌బ్రిడ్జి కింది బురదలో నుంచి, ఎవరు తిడుతున్నారో చూడకుండా పరుగెత్తాను. యాకమ్మ గుడిసె ముందు బీడీల చాట ఒడిలో నుంచి జారి కింద పడి ఉంది. ఆకు, తంబాకు మట్టిలో కలిసిపోయాయి. ఆమె దాన్ని ఎత్తుకోకుండా అట్లాగే నిలబడి ఉంది.

"మా మామ వచ్చిండా అత్తా?"

"వచ్చిండు," అంది యాకమ్మ. "ఏం మాట్లాడలే. నిలవడ్డడు, నిలవడ్డడు… వంగి నా కాళ్లు మొక్కిండు. గంత పెద్దమనిషి, నా కాళ్లు మొక్కుడేందే? వద్దన్నా వినలే. లేసి పోయిండు."

"ఎటు పోయిండు?"

ఆమె సైడింగు వైపు, యాకయ్య నలిగిన ఆ పట్టాల వైపు చెయ్యి చూపించింది. నేను అటు తిరిగేలోపే నా మణికట్టు పట్టుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ గట్టిపడ్డ వేళ్లు అవి. విదిలించుకోవాలని చూశాను, వదలలేదు.

"ఎందుకు మొక్కిండో నీకు తెలుసు," అంది, నా కళ్లలోకి చూస్తూ. "చెప్పినంకనే పో."